గీత దాటాక విసరకూడదు

పేరు ఫుట్‌బాల్, ఆడేది మాత్రం చేతులతో! అమెరికాలో కూతురింట ఆర్నెల్లుండి వచ్చిన తల్లులకి ఈ ఆట సంగతి వేరే చెప్పక్కర్లేదు. శనివారం కాలేజీ కుర్రాళ్ళది, ఆదివారం వృత్తి ఆటగాళ్ళది. ఆ రెండ్రోజులూ టీవీ మనది కాదు.

మా మనవడికి పదహారేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడ్డానికి మొహమాటం. "బావున్నావా అమ్మమ్మా", "తిన్నాను" – ఈ రెండు ముక్కలతో మా కబుర్లు సరి. మనసుకి వెలితిగా ఉండేది.

ఓ శనివారం వాడి పక్కన చేరాను. చారల చొక్కా ఆయనొకడు పసుప్పచ్చ గుడ్డ విసిరి, ఆనక ఓ చెయ్యి వీపు వెనక ఊపాడు.

"పాపం, వీపు దురదేమో!" అన్నాను.

వాడు పడీపడీ నవ్వి, "ఇల్లీగల్ ఫార్వర్డ్ పాస్" అన్నాడు.

"తెలుగులో చెప్పు నాన్నా, అలా అయితే నాకెక్కదు."

ఇక చూడండి వాడి పాట్లు! "గీత ఉంటుంది అమ్మమ్మా. బంతి పెట్టి మొదలెట్టే చోటు. దాని వెనకనించే ముందుకి విసరాలి. ఒక విడతకి ఒక్కసారే. వెనక్కయితే ఎన్నిసార్లయినా."

"కాలు కాస్త గీత దాటితేనో?"

"ఒళ్ళంతా దాటితేనే తప్పు."

క్రికెట్లో బౌలరు మడమ కొంచెం గీత వెనకుంటే నోబాల్ కాదుగా, అలాగన్న మాట. కానీ బంతితో పూర్తిగా గీత దాటినవాడు మళ్ళీ వెనక్కొచ్చినా ముందుకి విసరడానికి వీల్లేదట. బంతి అవతలి జట్టు చేతికి చిక్కాక ఆ విడతలో ఇంకెవరూ ముందుకి విసరకూడదు. శిక్ష – బంతి చెయ్యి వదిలిన చోటునించి 5 గజాలు వెనక్కి. పైగా పది గజాలు సాగడానికిచ్చే నాలుగు విడతల్లో ఒకటి గోవిందా! అయితే గుడ్డ పడినా ఆట ఆగదు. జరిగిందే లాభంగా ఉంటే ఎదుటి జట్టు "శిక్ష మాకొద్దు" అనొచ్చు. సంసారాల్లోనూ ఈ సదుపాయముంటే ఎన్ని తగువులు తీరేవో!

"అసలు విసరడానికి ఇన్ని షరతులేమిట్రా?"

1906 దాకా ముందుకి విసరడమే నిషేధమట. గుంపులుగా ఒకరినొకరు తోసుకుంటూ, ఒకరిమీద ఒకరు పడుతూ ఆడేవాళ్ళు. 1905లో కొందరు కుర్రాళ్ళు ప్రాణాలే పోగొట్టుకున్నారు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్ళని వైట్‌హౌస్‌కి పిలిపించి ఆటని చక్కదిద్దుకోమన్నాడు. మరుసటేడు విసరడానికి అనుమతొచ్చింది.

ఇది చెబుతూ వాడు మధ్యలో ఆగాడు. "పైల్‌ని ఏమంటారు అమ్మమ్మా?"

"కుప్ప."

"కుప్ప" అన్నాడు, నోట్లో చప్పరించి చూసుకుంటున్నట్టు. ఎంతమంది తల్లుల కడుపుకోతలోంచి పుట్టిందో ఈ నియమం అనిపించింది నాకు. దాని పుణ్యాన వాడి నోట గీత, విడత, గజం, కుప్ప – నాలుగు తెలుగు మాటలు కుదురుకున్నాయి.

నేను వచ్చేశాక ఆ ఆటల కాలమంతా ఆదివారం పొద్దున్నే వాడి ఫోను. "అమ్మమ్మా, కాలు గీత మీదే ఉంది, అయినా గుడ్డ వేశాడు, అన్యాయం!" నేను కావాలనే అంపైరు పక్షం. అరగంట పోట్లాట, అంతా తెలుగులోనే.

"మీ ఇద్దరికీ ఇంకేం కబుర్లు దొరకలేదా?" అంటుంది మా అమ్మాయి.

దొరికిందే వదులుకోలేకపోతున్నాం, ఇంకోటెందుకు చెప్పండి!