బలరాం గారికి మిగిలిన అరవై ఏళ్లు

సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి, 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో దేశానికి ఫుట్‌బాల్ ఆడిన తులసీదాస్ బలరాం గారి గురించి రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. రోమ్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టారు. 1962 జకార్తా ఏషియాడ్‌లో మన కోచ్ రహీం సాబ్ జట్టు స్వర్ణం గెలిచినప్పుడూ ఉన్నారు. ఆ జట్టు ఫార్వర్డ్‌లుగా పీకే, చునీ, బలరాం అని ముగ్గురి పేర్లూ కలిపే పలికేవారు.

ఆ మరుసటి ఏడాదే ప్లూరసీ అనే ఊపిరితిత్తుల జబ్బు. ముప్పై నిండకుండానే ఆట అయిపోయింది.

నన్ను వదలనిది ఇదే. అందరికీ అరవైకి వచ్చే రిటైర్మెంట్ ఆయనకు ఆ వయసులో వచ్చింది. ఇంకా అరవై ఏళ్ల జీవితం ముందుంది! రైల్వేలో ఉద్యోగం, కొంత కోచింగ్. పెళ్లి చేసుకోలేదు. కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో, హుగ్లీ ఒడ్డున ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండేవారు. పీకేకీ చునీకీ పద్మశ్రీ ఇచ్చారు, ఈయనకు ఇవ్వలేదు. ఆ బాధ ఆయన దాచుకోలేదు కూడా. ‘అవార్డుల కోసమా ఆడింది?’ అని తేలిగ్గా అనేస్తారు కొందరు. నాకు నోరు రాదు. తన ఆట దేశానికి గుర్తుందో లేదో తెలుసుకోవాలనుకోవడం అత్యాశా?

2023 ఫిబ్రవరిలో, 86 ఏళ్ల వయసులో కోల్‌కతాలో పోయారు.

సికింద్రాబాద్‌లో ఒక మంచి గ్రౌండ్‌కి ఆయన పేరు పెట్టాలి. మీ వీధిలో ఆనాటి ఆటగాళ్లెవరైనా ఉంటే ఈ ఆదివారమే వెళ్లి కలవండి. పాత మ్యాచ్ ఒకటి అడగండి, వాళ్లు చెప్పినంతసేపూ వినండి.