తోలు మీద పంటిగాట్లు

ముప్పయి సంవత్సరాలుగా ఉక్కుతోను, యంత్రాలతోను సహవాసం చేస్తున్న నాకు ఒక కుట్టుమిషన్‌ను ఎంపిక చేయడం పెద్ద పని అని ఏనాడూ తోచలేదు. అందువల్ల 2018 వేసవిలో మన టౌన్‌షిప్ మహిళా సమితివారు తోలుసంచుల శిక్షణ కేంద్రానికి పారిశ్రామిక కుట్టుమిషన్ కొనదలచి, "మీరు ఇంజనీరుగారు కదా, కాస్త చూసిపెట్టండి" అని కోరినప్పుడు చిరునవ్వుతో ఒప్పుకున్నాను. ఆ చిరునవ్వు నెల రోజులు కూడా నిలవలేదు. ఆ వైనాన్ని పాఠక మిత్రులతో పంచుకోవాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ కేంద్రానికి ఆధారం ఒక సోదరి. మన సంస్థలో పనిచేస్తూ అకాల మరణం పాలైన సహోద్యోగి సతీమణి ఆమె. పుట్టింట తోలుపని నేర్చిన మనిషి. ఆరెతో రంధ్రం చేసి, రెండు సూదులతో ఆమె కుట్టిన సంచి చూస్తే కుట్టు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలిసేది కాదు. అయితే చేతికుట్టుతో రోజుకు ఒక్క సంచి కూడా పూర్తికాదు. పదవీ విరమణ చేయబోయే ఉద్యోగులకు బహూకరించడానికి పన్నెండు సంచులు కావాలని కేంద్రానికి తొలి ఆర్డరు వచ్చింది. తోలు కొనడానికి సమితి నిధి చాలకపోతే, సగం సొమ్ము ఆమె తన పొదుపులోంచి వేసింది.

నేను ఆఫీసు పద్ధతిలోనే పని ప్రారంభించాను. మూడు కొటేషన్లు తెప్పించాను. నిమిషానికి ఎన్ని కుట్లు, మోటారు శక్తి ఎంత, వారంటీ ఎన్నాళ్ళు, ధర ఎంత అని తులనాత్మక పట్టిక తయారుచేశాను. ఇన్ని గడులున్న ఆ పట్టికలో "తోలు మీద గుర్తు పడుతుందా?" అన్న గడి మాత్రం లేదు. ఆ సోదరి ఒకసారి, "అన్నయ్యగారూ, కొనేముందు మన తోలుముక్క ఒకటి దానిమీద కుట్టి చూద్దామా?" అని అడిగింది. "అవసరం లేదమ్మా, తోలుకు పనికొస్తుందని కాగితం మీద రాసి ఇచ్చారు" అన్నాను. అందరికంటె తక్కువ ధరకు, అందరికంటె ఎక్కువ వేగం గల యంత్రం వచ్చింది. సమితివారు కొబ్బరికాయ కొట్టారు.

మొదటి సంచి కుట్టి తిప్పి చూసేసరికి నా గుండె జారింది. కుట్టు పొడవునా, చిన్న ఎలుక కొరికినట్లు, పంటిగాట్ల వరుస. పైపెచ్చు పై పొర వెనకబడి, కింది పొర ముందుకు పోయి, చివర అంచులు కలవలేదు.

కారణం వెతికితే అది కష్టమైనదేమీ కాదు. మామూలు యంత్రంలో సరుకును ముందుకు నడిపేది అడుగున ఉన్న పళ్ళపట్టీ ఒక్కటే. పైనున్న పాదం కేవలం అదిమి పట్టుకుంటుంది. గుడ్డ అయితే ఆ పాదం కింద సులువుగా జారుతుంది. తోలు జారదు, పట్టేస్తుంది. నేను పాదం మీద ఒత్తిడి పెంచి సరిచేయబోయాను. పొరలు కొంత కుదిరాయిగాని, పళ్ళు కింది తోలులోకి మరింత దిగాయి; పైన పాదపు అంచులు కుట్టుకు ఇరువైపులా గీతలు గీశాయి. ఇక మోటారు క్లచ్ రకానిది. మీట నొక్కగానే పూర్తి వేగంతో తిరుగుతూ ఉంటుంది. తొక్కుడు మీద కాలు కొంచెం ఎక్కువైతే సూది ఒక్క గెంతున మలుపు దాటిపోతుంది. గుడ్డలో తప్పు కుట్టు విప్పేస్తే సరిపోతుంది. తోలులో పడిన రంధ్రం పూడదు.

అలా అయిదు సంచులు పాడయ్యాయి. మిగిలిన ఏడూ ఆమె రాత్రులు మేలుకొని చేత్తోనే కుట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఆ తరువాత నేను చేసిన మంచి పని ఒక్కటే: ఆమెను, సమితి కార్యదర్శిని వెంటబెట్టుకొని రాత్రి రైలులో చెన్నై వెళ్ళడం. సెంట్రల్ స్టేషనుకు సమీపంలోనే ఉన్న పెరియమెట్ తోలు వ్యాపారానికి పేరుపడ్డ పేట. అక్కడ ఒక చిన్న కర్మాగారంలో తెలుగు మాట్లాడే వృద్ధ మేస్త్రి తటస్థపడ్డాడు. మా పాడైన సంచిని వెలుగుకు ఏటవాలుగా పట్టుకొని చూసి, "గుడ్డ మరచిపోతుంది సార్, తోలు మరచిపోదు" అన్నాడు. మా తోలు తంగేడు చెక్క వంటి బెరళ్ళతో పదును చేసిన రకం. దానిపై ఒత్తిన ముద్ర నిలిచిపోతుంది కనుకనే కళాకారులు దానిమీద చిత్రాలు అద్దుతారు. క్రోమియం లవణాలతో పదును చేసిన మెత్తని తోలు కొంతవరకు కోలుకుంటుంది, ఇది కోలుకోదు.

ఆయన మాకు మూడు రకాల యంత్రాలు చూపించాడు. స్తంభం మీద నిలిచి, పాదానికి బదులు చిన్న చక్రం ఉన్నది మొదటిది. అది పాదరక్షల పైభాగాలకు, వంపులకు బహు సున్నితమైనది. కాని సంచి అంచున రెండు పొరల నుంచి నాలుగు పొరలకు ఎక్కవలసిన చోట తడబడుతుంది. రెండవది రోడ్డు పక్క చర్మకారుల వద్ద కనిపించే, చేత్తో తిప్పే మరమ్మతు యంత్రం. ఏ దిక్కుకైనా కుడుతుంది, అయితే దాని గరుకు పాదమే పైనుంచి తోలును లాగుతుంది కనుక పైన గుర్తులు తప్పవు. మూడవదానిలో సూది, పాదం, పళ్ళపట్టీ మూడూ కలిసి అడుగు వేస్తాయి. తోలులో దిగిన సూదే పొరలను కలిపి నడిపిస్తుంది గనుక అవి విడిపోవు. పాదం గట్టిగా అదమవలసిన అవసరమూ ఉండదు.

నేను వెంటనే అదే కావాలన్నాను. ఈసారి ఆ సోదరి నన్ను ఆపింది. చేతిసంచిలోంచి తన తోలుముక్కలు తీసింది. ఒకటి నునుపు ముఖం పైకి పెట్టి, ఇంకొకటి కిందికి పెట్టి కుట్టించింది. పైన గుర్తు పడితే దోషం పాదానిది, కింద పడితే పళ్ళపట్టీది. ఎంత సులభమైన పరీక్ష! రెండు వైపులా సన్నని గాట్లు కనిపించాయి. మేస్త్రి నవ్వి, గరుకు పాదాలు తీసి నున్నని పాదాలు బిగించి, సన్నపళ్ళ పట్టీ అమర్చి, పాదం ఎత్తును అవసరమైనంత మేరకే తగ్గించాడు. పాదం ఎంత పైనుంచి దిగితే అంత దెబ్బ అట. ఒత్తిడి మర కూడా కొన్ని చుట్లు వదులు చేశాడు. మళ్ళీ కుట్టి చూస్తే తోలు తేటగా ఉంది.

క్లచ్ మోటారుకు బదులు సర్వో మోటారు తీసుకున్నాము. దానికి గరిష్ఠ వేగాన్ని ముందే నిర్ణయించవచ్చు. ఒక్కొక్క కుట్టుగా నడపవచ్చు. తోలును కోస్తూ దిగే మొనగల 110 నంబరు సూదులు, నైలాన్ దారం కొన్నాము. కుట్టు పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలనీ, మరీ దగ్గరగా కుడితే తోలు తపాలా బిళ్ళ చిరిగినట్లు ఆ వరుసన చిరుగుతుందనీ మేస్త్రి హెచ్చరించాడు. ధర మొదటిదానికంటె ఎక్కువే. ఆ వ్యత్యాసంలో కొంత నేను భరించాను. అది దాతృత్వం కాదు, అపరాధ రుసుము.

నేడు ఆ యంత్రం మీద నలుగురు స్త్రీలు పని నేర్చుకున్నారు. మొదటి యంత్రం కూడా వ్యర్థం కాలేదు. గుడ్డకు తయారైనది గుడ్డనే చక్కగా కుడుతున్నది. అస్తరు పని అంతా దానిదే.

పాడైన అయిదు సంచులలో ఒకటి నేను కొనుక్కున్నాను. ప్రతిరోజూ అందులోనే భోజనం తెచ్చుకుంటాను. కొనుగోలు ఫైలు ఏదైనా బల్ల మీదికి వచ్చినప్పుడు దాని అంచున ఒకసారి వేలు పెట్టి చూసి, తరువాత ఒక ప్రశ్న అడుగుతాను: "దీని మీద పనిచేయబోయే మనిషిని అడిగారా?"