దూలాన్ని బట్టే బల్ల

మదనపల్లె నుంచి పుంగనూరుకు వెళ్లే దారిలో, పాత కలప పేర్చిన ఒక కొట్టం దగ్గర ఆగాను. మట్టి మిద్దెలు పడగొట్టినప్పుడు వచ్చిన దూలాలు, దంతెలు, ద్వారబంధాలు, చువ్వల కిటికీలు. కొత్త చెక్క ఒక్కటీ లేదు.

అక్కడి వడ్రంగి ఆచారి రంపం ముట్టుకోకముందే అయస్కాంతం అందుకున్నారు. దూలం పొడుగునా జరుపుతూ, అది పట్టుకున్న చోటల్లా సుద్దతో గీత గీస్తున్నారు. "ఒక్క మేకు మిగిలినా రంపం పళ్లు పోతాయి సార్. పాత చెక్క చవకంటారు, మేకులు పీకే కూలి ఎవురు లెక్కేస్తారు?" అన్నారు. తర్వాత ఉలి మొనతో గుచ్చి చూశారు. పుచ్చిన చోట పిండి రాలింది. దూలానికి గోడలో దూరిన కొసలు ముందు చెడతాయి. తేమ, చెదలు చేరేది అక్కడే. ఆ కొసలు కోసేశాక ఎంత మిగిలితే బల్ల అంత పొడవు. బొమ్మ గీసుకుని కలప కొనేవాళ్లకు ఈ పని పడదు.

పచ్చి కలప ఆరుతూ కుంచించుకుపోతుంది, వంకర తిరుగుతుంది. ఏళ్ల తరబడి కప్పు మోసిన దూలానికి ఆ బెడద తక్కువ. అయినా లావు దూలాన్ని పలకలుగా కోస్తే లోపలి బిగువు సడలి మెలి తిరగొచ్చు. అందుకే మధ్యలో పుల్లలు పెట్టి పేర్చి, కొన్నాళ్లు ఆగుతారు.

మేకుల రంధ్రాలను లప్పంతో పూడ్చడం నాకు నచ్చదు. అదే జాతి చెక్క ముక్క దిగగొట్టి చిత్రిక పడితే ఎంత బాగుంటుందో! బెంగళూరు నుంచి వచ్చేవాళ్లకు మాత్రం రంధ్రం కనపడాల్సిందే, లేకుంటే పాతదని నమ్మరట. ఊళ్లో పెళ్లివారేమో పాతదని తెలిస్తే మొహం తిప్పుకుంటారు.

కొట్టంలో ఒక మూల ఆకుపచ్చ కుప్పం గ్రానైట్ తునక ఉంది. దాన్ని టీపాయికి పైపలకగా వేసి, కింద వేప దూలం కాళ్లు పెడుతున్నారు. రాయి బరువుకు కాళ్లు విచ్చుకోకుండా అడ్డపట్టీ వేసి, కుసి బిగువుగా దిగగొట్టాలి.

రైల్వే స్లీపర్లతో భోజనాల బల్ల చేస్తారా అని అడిగాను. వద్దన్నారు. పాత కర్ర స్లీపర్లకు చెదలు పట్టకుండా క్రియోసోట్ ఎక్కించేవారు. ఎండకు ఇప్పటికీ ఆ వాసన వస్తుంది. అది అన్నం తినే చోట ఉండదగ్గది కాదు. ఎర్రచందనం సంగతి ఎత్తగానే నవ్వేశారు. "పాత ఇంటిదైనా సరే, కాగితం లేంది లోపలికి రానీను."