సిపాయి బిడ్డ చదువు

నేనీ పాఠశాలను విడిచి, ఇంటర్మీడియటు ముగించి, ఇంజనీరింగు కళాశాలలో చేరిన యేట మా యింట నొక వాదము జరిగినది. మా నాన్నగారు పదునేడేండ్లు సైన్యములో కొలువు చేసి, నాయక్ హోదాలో విశ్రాంతి పొందినవారు.

మాజీ సైనికుల బిడ్డలకై ప్రధానమంత్రి విద్యార్థి వేతన పథకము 2006-07వ విద్యాసంవత్సరము నుండి కలదు. వృత్తివిద్యలో మొదటి సంవత్సరమున చేరినవారే దరఖాస్తు చేయవలెను. అంతకు ముందటి పరీక్షలో నూటికి 60 మార్కులైనను రావలెను. 2019లో ఈ వేతనమును బాలురకు నెలకు 2,500 రూపాయలుగను, బాలికలకు 3,000 రూపాయలుగను పెంచిరి. అనగా నాకు సాలుకు 36,000, నాలుగేండ్లకు 1,44,000 రూపాయలు. మా యింటికది చిన్న సొమ్ము కాదు.

అయినను నాన్నగారు ఒప్పుకొనలేదు. “చేసిన పనికి జీతము పుచ్చుకొంటిని, పింఛను పుచ్చుకొనుచున్నాను. ఇంకను చేయి చాపుట నాకు తగదు” అనిరి.

ఎన్నడును ఎదురాడని మా అమ్మ ఆనాడు మాటాడినది. “జీతము మీరు పుచ్చుకొన్నారండీ. ఈ పిల్ల పుట్టినప్పుడు మీరు లేరు. దీనికి జ్వరము ముదిరి ఆసుపత్రిలో నున్నప్పుడును లేరు. అయిదవ తరగతి ముగియులోపల మూడు పాఠశాలలు మారినది. ఒకచోట హిందీ, మఱొకచోట తెలుగు. దానికెవరు జీతమిచ్చిరి?”

నాన్నగారు చాలసేపు పలుకక కూర్చుండి, పిదప లేచి, పెట్టెలోనుండి తమ డిశ్చార్జి పుస్తకమును దెచ్చిరి.

అందు మఱియొక చిక్కు బయటపడినది. ఆ పుస్తకములో నాకు వ్రాయించిన పేరు ముద్దుపేరు. పదవ తరగతి ధ్రువపత్రములోనిది బాప్తిస్మపు పేరు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమువారు పేరు సరిచేయించుకొని రమ్మనిరి. పటాలపు రికార్డు ఆఫీసుతో ఉత్తర ప్రత్యుత్తరములు నడచి, గడువు నాలుగు దినములుండగా కాగితము చేతికందినది. ఈ పాఠశాలలోని సైనికుల బిడ్డలారా, మీ పేరును, పుట్టిన తేదీని నేటి రాత్రియే సరిచూచుకొనుడు.

దేశమంతటికి ఏటేట 5,500 మందికి ఈ వేతనము లభించును. అందు సగము బాలికలకు. యుద్ధములో ప్రాణములర్పించినవారి బిడ్డలు మొదటి వరుస, యుద్ధములో అంగవైకల్యము పొందినవారి బిడ్డలు తరువాత, మావంటివారు కడపట. జాబితాలో నా పేరు చూచుకొని సంతోషించితిని గాని, వెంటనే నా మనస్సు బరువెక్కినది. ఆ మొదటి వరుసలో నాకు చోటులేకపోవుటయే నా భాగ్యమని తోచినది.

ఈ సొమ్ము జాతీయ రక్షణ నిధినుండి వచ్చును. 1962లో ఏర్పడిన యా నిధి ప్రజలు తమంతట తామిచ్చు విరాళములతో నిలిచియున్నది. కావున ఎఱుగనివారెందఱో నన్ను చదివించుచున్నారని తలంచి, ప్రతి పరీక్షకును శ్రద్ధతో కూర్చుండితిని.

మొదటి యేటి వేతనము బ్యాంకులో పడిన దినమున నాన్నగారు డిశ్చార్జి పుస్తకమును మరల పెట్టెలో పెట్టుచు, అమ్మవైపు తిరిగి, “ఇది నీ జీతము” అనిరి.