నర్సీపట్నం కొండల్లో నాటు తుపాకి

నర్సీపట్నంలో చింతపల్లి బస్సు ఎక్కినవారికి లంబసింగి చలి సంగతి అందరూ చెబుతారు. నాటు తుపాకి సంగతి మాత్రం చెప్పేవారు తక్కువ. ఈ మన్యం కథ తెలియాలంటే ముందు దాన్ని ఎలా పేలుస్తారో తెలియాలి.

దీనికి తూటా అక్కరలేదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, పైన గుడ్డపేలిక కూరి, గుండు వేసి కడ్డీతో దట్టించాలి. వెనక చివర ఉన్న చిన్న మొలక మీద రాగి టోపీ తొడగాలి. మీట నొక్కితే సుత్తి టోపీ మీద పడి, ఆ నిప్పు లోపలి మందుకు అంటుకుంటుంది.

పూర్వం చెకుముకి తుపాకులుండేవి. ఆ మెరుపు చూసి పిట్టలు ఎగిరిపోతున్నాయని స్కాట్లండులో ఫోర్సిత్ అనే మతగురువు దెబ్బకు పేలే మందు వాడి 1807లో పేటెంటు పొందాడు. టోపీ ఆ తర్వాత వచ్చింది.

ఇక తుపాకి మందు మాటంటారా, నూటికి 75 పాళ్లు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. చెమ్మ తగిలిందా, పని సున్న! పేలినా ఒక్కటే దెబ్బ. పొగ కమ్ముకుంటుంది; మళ్లీ మొదటినుంచీ దట్టించుకోవాలి. వేటకు అది చాలు. యుద్ధానికి చాలుతుందా?

చాలదు. అందుకే కాబోలు, అల్లూరి సీతారామరాజు ముందుగా పోలీసు ఠాణాల మీదికే వెళ్లాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి! మూడు రోజుల్లో 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చేజిక్కాయి.

అయితే ఇందులో ఒక చిక్కుంది. నల్లమందు ఊళ్లో నూరుకోవచ్చు; తూటా కొండల్లో తయారు కాదు. అయిపోతే మళ్లీ ఠాణాకే పోవాలి. ఆ కిటుకు పోలీసులూ గ్రహించారు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం చేరేసరికి అక్కడి ఆయుధాలను ముందే తరలించేశారు. అయినా పోరాటం 1924 మే 7న రాజు నేలకొరిగేదాకా సాగింది.

నేడు నాటు తుపాకికీ లైసెన్సు కావాలి. అది 1959 నాటి చట్టం. 1972 చట్టంతో వేట కూడా నేరమైంది. కృష్ణదేవిపేటలో రాజు సమాధి ఉంది. నర్సీపట్నం వెళ్లినవారు చూసి రండి. ఆయుధాల కోసం ఆయన ముట్టడించిన రెండో ఠాణా ఆ ఊరిదేనని గుర్తుంచుకోండి.