నిద్రపోయిన నెత్తురును లేపారు!

ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఎవరు కనబడినా ఆపి చెబుతున్నాను. సారపాకలో టీ తాగేవాళ్లకు చెప్పాను, భద్రాచలం బస్సులో పక్క సీటాయనకు చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు, అయినా చెప్పాను. ఇప్పుడు మీ వంతు.

అమ్మ కడుపులో ఉన్నప్పుడు మన ఒంట్లో ఉండే హీమోగ్లోబిన్ వేరు. పుట్టిన కొన్ని నెలలకు శరీరం దాన్ని పక్కన పెట్టేసి పెద్దవాళ్ల రకం తయారు చేసుకుంటుంది. అంతవరకూ సరే. కానీ ఆ పాత రకాన్ని చేసే జన్యువు ఎక్కడికీ పోదట! ఎనభై ఏళ్ల ముసలాయన ఎముకల మూలుగలో కూడా అది చెక్కుచెదరకుండా నిద్రపోతూనే ఉంటుంది. దాన్ని లేపారు. లేపి, పుట్టుకతో వచ్చిన ఒక రక్తరోగం మెడలు వంచారు. ఆ రోగం ఎక్కడో దూరదేశాల వాళ్లది కాదు, మా చుట్టుపక్కల గూడేల్లో ఉన్నదే: సికిల్ సెల్.

నేను చదివింది కామర్స్. జీవశాస్త్రం పదో తరగతితోనే వదిలేశాను. బూర్గంపాడులో ఉంటూ సికిల్ సెల్ మాట వినకుండా ఉండలేం గనక పేరు తెలుసు, అంతే. కిన్నెరసాని గోదావరిలో కలిసే మూల ఇది. చుట్టూ కోయ గూడేలు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. నలభై ఏళ్లలోపు వాళ్లు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యం. ఆ కార్యక్రమం నడిచే రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. పరీక్ష అంటే వేలికి సూది గుచ్చి బొట్టు రక్తం తీయడమే. ఆ బొట్టులో ఏం వెతుకుతారో నేను ఏనాడూ అడగలేదు. బైపీసీ చదివే మా మేనకోడలు పుస్తకం తిరగేస్తుంటే జవాబు కనబడింది. నోరు తెరిచి చూస్తుంటే, "అది మాకు మామూలు పాఠమే మామయ్యా" అంది. మామూలట!

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలో అమ్మ వైపు నుంచి ఒకటి, నాన్న వైపు నుంచి ఒకటి, సుమారు 300 కోట్ల అక్షరాల చొప్పున రెండు డీఎన్‌ఏ ప్రతులు ఉంటాయి. భాషకు అక్షరాలు నాలుగే: ఎ, టి, జి, సి. పదకొండో క్రోమోజోమ్ మీద హీమోగ్లోబిన్‌లో సగభాగానికి నమూనా రాసి ఉంటుంది. అక్కడ ఒకే ఒక్కచోట 'ఎ' ఉండాల్సింది పోయి 'టి' పడితే, 146 అమైనో ఆమ్లాల గొలుసులో ఆరోది మారిపోతుంది. గ్లుటామిక్ ఆమ్లం బదులు వేలిన్ వచ్చి కూర్చుంటుంది. ఈ వేలిన్‌కు నీళ్లంటే పడదు. ఊపిరితిత్తుల నుంచి తెచ్చుకున్న ఆక్సిజన్‌ను హీమోగ్లోబిన్ కండరాలకు ఇచ్చేయగానే, ఈ వేలిన్ పక్క హీమోగ్లోబిన్‌లో ఉన్న చిన్న గుంటలో దూరి అతుక్కుంటుంది. అది ఇంకోదానికి, అది మరోదానికి. ఒక్క ఎర్ర కణంలో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్లు! అవి పోగులుగా పేనుకుంటే గుండ్రటి మెత్తటి కణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది. గోదావరి వరదకు కొట్టుకొచ్చిన దుంగలు వంతెన కింద అడ్డం పడ్డట్టు సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడతాయి. అక్కడి నుంచి మొదలవుతుంది నొప్పి. కాళ్లలో, చేతుల్లో, వీపులో, ఎముక లోపల. మామూలు ఎర్ర కణం 120 రోజులు బతుకుతుంది. ఈ కణం పది, ఇరవై రోజులకే పోతుంది. అందుకే ఆ పాలిపోయిన కళ్లు, ఆ నీరసం.

ఇంత బాధకూ మూలం ఒకే ఒక్క అక్షరం! ఈ జబ్బు అణువులోనే ఉందని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపించింది. ఒక రోగానికి కారణం ఫలానా అణువులో ఉందని వేలు పెట్టి చూపడం అదే మొదలు. ఆ మారిన ఒక్క ముక్కనూ 1956లో కేంబ్రిడ్జిలో వెర్నాన్ ఇంగ్రామ్ పట్టుకున్నాడు.

మరి ఇంత చెడ్డ అక్షరం ఇన్ని తరాలు ఎందుకు నిలిచింది? దానికీ జవాబుంది, విన్నాక నాకు ఒళ్లు జలదరించింది. అమ్మ ప్రతి, నాన్న ప్రతి రెండింటిలోనూ తప్పు ఉంటేనే జబ్బు. ఒక్కదాంట్లోనే ఉంటే మనిషి మామూలుగా తిరుగుతాడు, పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి అతనికి చాలావరకు రక్షణ. తూర్పు ఆఫ్రికాలో పనిచేసి ఆంథొనీ అలిసన్ 1954లో ఈ లంకెను బయటపెట్టాడు. మన్యం జ్వరాలు ఎలాంటివో మా వైపు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ జ్వరాల్లో తాతముత్తాతలను బతికించిన అక్షరమే మనవడి కాళ్లు పట్టేస్తోంది.

ఇక నిద్రపోయిన నెత్తురు దగ్గరకు వద్దాం. సికిల్ సెల్ ఉన్న బిడ్డ కూడా పుట్టిన మొదటి నెలల్లో హాయిగా ఉంటుంది. ఎందుకు? 1948లో బ్రూక్లిన్‌లో జానెట్ వాట్సన్ అనే డాక్టరమ్మకు ఈ ప్రశ్న వచ్చింది. కడుపులో ఉన్నప్పటి హీమోగ్లోబిన్ కాపాడుతోందని ఆమె ఊహించింది. ఇంకో ఆధారం మన దేశంలోనూ దొరికింది. తూర్పు అరేబియాలో, భారతదేశంలో సికిల్ సెల్ ఉన్న చాలామందిలో పెద్దయ్యాక కూడా ఆ పసితనపు హీమోగ్లోబిన్ కాస్త ఎక్కువే ఉంటుంది, వాళ్లకు జబ్బు తీవ్రత తక్కువ. అంటే మందు ఒంట్లోనే ఉంది! దాన్ని నిద్రపుచ్చుతున్నది ఎవరు?

ఆ దొంగ 2008లో దొరికాడు. బోస్టన్‌లో స్టువర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్ బృందం పట్టుకుంది. పేరు బీసీఎల్11ఎ. పసితనపు జన్యువు నోరు నొక్కేది ఈ ప్రొటీనే. ఇది వేరే కణాల్లోనూ అవసరమైన ప్రొటీన్ గనక పూర్తిగా తీసేయడానికి లేదు. ఎర్ర కణాల్లో మాత్రమే దాన్ని పనిచేయించే చిన్న మీట లాంటి డీఎన్‌ఏ ముక్క 2013లో బయటపడింది. ఆ ముక్కను చెడగొడితే ఎర్ర కణాల వరకే దాని నోరు పడిపోతుంది.

చెడగొట్టే సాధనం కూడా అప్పటికే సిద్ధం. బ్యాక్టీరియాలు తమ మీద దాడి చేసే వైరస్‌లను గుర్తుపెట్టుకుని, మళ్లీ వస్తే వాటి డీఎన్‌ఏను ముక్కలు చేస్తాయి. ఆ ఏర్పాటు పేరు క్రిస్పర్. దాన్ని మనకు కావలసినచోట కోసే పనిముట్టుగా మార్చవచ్చని 2012లో ఎమ్మాన్యుయెల్ షార్పాంటియే, జెన్నిఫర్ డౌడ్నా చూపించారు. 2020లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. అమెరికాలో సికిల్ సెల్‌తో నలిగిపోయిన విక్టోరియా గ్రే అనే ఆమెకు 2019లో ఈ చికిత్స చేశారు. ఆమె మూలకణాలనే బయటికి తీసి, ఆ మీటను కోసి, తిరిగి ఎక్కించారు. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా ఈ చికిత్సకు అనుమతి ఇచ్చాయి. పేరు కాస్‌జెవీ. అమెరికా అనుమతి నాటికి లెక్కకు తీసుకున్న 31 మందిలో 29 మందికి వరసగా ఏడాది పాటు ఒక్క తీవ్రమైన నొప్పి దెబ్బ కూడా తగల్లేదు!

ఒకటి గమనించారా? చెడ్డ అక్షరాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అది అక్కడే ఉంది. మంచిదానికి ఉన్న అడ్డు తీశారు, అంతే.

ఇది తెలిశాక మా పొలాల్లోనూ అదే కథ కనబడింది. సాంబ మసూరి, అదే బీపీటీ 5204, తెలియని తెలుగు రైతు ఎవరు? వరి మొక్కలో సైటోకైనిన్ అనే హార్మోను ఉంటే కంకికి గింజలు ఎక్కువ పడతాయి. దాన్ని ఎప్పటికప్పుడు హరించే ఎంజైమ్ ఒకటుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సాంబ మసూరిలో ఆ ఎంజైమ్ జన్యువును క్రిస్పర్‌తో మార్చారు. బయటి జన్యువు ఏదీ చొప్పించలేదు. 2025 మే 4న 'కమల' పేరుతో ప్రకటించారు. దిగుబడి 19 శాతం ఎక్కువ, 20 రోజులు ముందే కోత అని భారత వ్యవసాయ పరిశోధన మండలి చెప్పింది. అది మా చేలలో ఎంత నిలుస్తుందో పండించిన రైతు చెప్పాలి. కానీ ఉపాయం చూడండి: మనిషి మూలుగలోనూ అడ్డు తీయడమే, వరి కంకిలోనూ అడ్డు తీయడమే!

తప్పు అక్షరాన్నే దిద్దలేరా అని మీరు అడుగుతారు. దిద్దారు కూడా. ఫిలడెల్ఫియాలో ఒక పసివాడికి ఒంట్లో అమ్మోనియా పేరుకుపోయే జబ్బు. వాడి ఒక్కడి తప్పు కోసమే ఆరు నెలల్లో మందు తయారుచేసి 2025 ఫిబ్రవరిలో ఇచ్చారు. అది కాలేయంలోకి వెళ్లి ఆ ఒక్క అక్షరాన్ని మార్చింది. ఆ పని నడిపిన ఇద్దరిలో ఒకరు రెబెకా ఆరెన్స్-నిక్లస్, ఇంకొకరు కిరణ్ ముసునూరు. ముసునూరు! ఏలూరు జిల్లాలో ఆ పేరుతో మండలమే ఉంది. ఆ పేరు చదవగానే కుర్చీలోంచి లేచాను.

సికిల్ సెల్‌లో ఆ అక్షరాన్ని దిద్దడంలో ఇంకో తమాషా ఉంది. ఆ పసివాడికి వాడిన రకం పనిముట్టు 'టి'ని తిరిగి 'ఎ' చేయలేదు, 'సి' మాత్రం చేయగలదు. అలా చేస్తే వచ్చేది మకస్సార్ హీమోగ్లోబిన్. ఇండోనేషియాలోని మకస్సార్‌లో మొదట కనబడ్డ, హాని చేయని రకం. 2021లో ఎలుకల్లో ఇది పనిచేసింది. సరైన అక్షరం రాయలేకపోతే, ప్రకృతిలో ఇంకెవరి ఒంట్లోనో క్షేమంగా ఉన్న అక్షరాన్ని అరువు తెచ్చుకున్నారు!

ఇక ధర. అమెరికాలో కాస్‌జెవీ 22 లక్షల డాలర్లు, మన లెక్కలో 18 కోట్ల రూపాయలకు పైనే. పైగా పాత మూలుగను ఖాళీ చేయడానికి గట్టి కీమోథెరపీ భరించాలి. గూడెంలో పిల్లాడికి ఇది ఎప్పటికి అందేను అని నేనూ చల్లబడ్డాను. ఆ తర్వాత చదివాను: ఢిల్లీలోని సీఎస్‌ఐఆర్ జన్యుశాస్త్ర సంస్థ ఐజీఐబీ సొంత క్రిస్పర్ పనిముట్టుతో సికిల్ సెల్ చికిత్స తయారుచేసింది. 2025 నవంబరు 19న దాన్ని ప్రకటించి, తయారీ కోసం సీరం ఇన్‌స్టిట్యూట్‌కు అప్పగించారు. పేరు బిర్సా 101. ఆదివాసీ పోరాట నాయకుడు బిర్సా ముండా 150వ జయంతి ఏడాదిలో ఆయన పేరే పెట్టారు. అది ఇంకా దాటాల్సిన పరీక్షలు ఉన్నాయి. అయినా తక్కువ ధరకు ఇవ్వాలన్న పట్టుదల మన దేశంలోనే మొదలైంది.

అప్పటిదాకా చేతిలో ఉన్నదీ చిన్నదేం కాదు. హైడ్రాక్సీయూరియా బిళ్ల డాక్టరు చెప్పినట్టు వాడితే చాలామందికి నొప్పులు తగ్గుతాయి. అది చేసే పనుల్లో ఒకటి ఏమిటో తెలుసా? ఆ పసితనపు హీమోగ్లోబిన్‌ను పెంచడమే! అంతకన్నా ముందు పరీక్ష. పెళ్లాడబోయే ఇద్దరికీ ఒక్కో తప్పు ప్రతి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. ఆ సంగతి లగ్నపత్రిక రాయించేలోపే తెలియాలి.

కాబట్టి మీ ఊరికి పరీక్ష చేసేవాళ్లు వస్తే వేలు చాపండి. గుచ్చే అమ్మాయిని "ఇందులో ఏం చూస్తారమ్మా?" అని అడగండి. ఆమెకు తీరిక లేకపోతే నా దగ్గరకు రండి. బూర్గంపాడులో ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు. ఈ మధ్య నన్ను చూసి తప్పుకుని పోయేవాళ్లు ఎక్కువయ్యారు గానీ, దారి మాత్రం చెబుతారు.