మాతృమూర్తి మోనిక

ఆఫ్రికా ఖండపు ఉత్తరభాగమున, నేటి అల్జీరియా దేశములో, సూక్ అహ్రాస్ అను పట్టణము కలదు. పదునారు శతాబ్దములకు పూర్వము దాని పేరు తగాస్తె. అప్పుడు ఆ ప్రాంతమంతయు రోమక సామ్రాజ్యమునకు లోబడి యుండెను. ఆ ఊరిలో సుమారు 331వ సంవత్సరమున ఒక క్రైస్తవ కుటుంబమున మోనిక జన్మించెను. ఆమె రాణి కాదు, పండితురాలు కాదు, గ్రంథమేదియు వ్రాయలేదు. ఆమె ఒక ఇల్లాలు, ఒక తల్లి, ఒక నాయనమ్మ. ఐనను కథోలిక క్రైస్తవులు నేటికిని ఏటేట ఆగస్టు 27వ తేదీన ఆమెను స్మరించుచున్నారు. తెలుగునాటి కథోలికుల ఇండ్లలోను ఆడపిల్లలకు ఆమె పేరు పెట్టుట కలదు.

మోనిక పుట్టినింట ఒక ముసలి దాది యుండెను. మోనిక తండ్రిని పసితనమున వీపున మోసి పెంచినది ఆమెయే. యజమాని బిడ్డలను ఆమె గట్టి కట్టడిలో ఉంచెడిది. భోజనవేళ తప్ప నడుమ ఎంత దాహమైనను మంచినీరు త్రాగనిచ్చెడిది కాదు. నేడు నీటికి ఆగలేనివారు, రేపు ఇంటి తాళపుచెవులు చేతికి వచ్చినప్పుడు ద్రాక్షారసమునకు ఆగలేరని ఆమె తలంపు.

అంత కట్టడిలో పెరిగియు మోనికకు ఒక దురభ్యాసము అబ్బెను. పీపాలోని ద్రాక్షారసము ముంచి తెమ్మని తల్లిదండ్రులు పంపినప్పుడు, ఆమె దానిని పెదవులకు తగిలించి ఒక చుక్క చప్పరించెడిది. అది పిల్లచేష్ట. కాని నాటి కొక చుక్క చేరి చేరి, తుదకు గిన్నెనిండ త్రాగు అలవాటయ్యెను. ఒకనాడు తనతో వచ్చు దాసికిని ఆమెకును మాటామాటా పెరిగెను. దాసి కోపముతో ఆమెను త్రాగుబోతని ఎత్తిపొడిచెను. ఆ మాట ములుకువలె నాటెను. మోనిక దాసిని దండింపలేదు. తన తప్పును తాను చూచుకొని, ఆనాడే ఆ అలవాటును మానివేసెను. ఆమె జీవితమున విడిచిపెట్టవలసి వచ్చినవి అనేకములు. వానిలో ఇది మొదటిది. అన్నింటికంటె తేలికయైనదియు ఇదియే.

యుక్తవయస్సున ఆమెను పట్రీషియసు అను గృహస్థునకిచ్చి వివాహము చేసిరి. అతడు పట్టణసభలో సభ్యుడు, క్రైస్తవుడు కాడు. మనస్సు మంచిదే కాని కోపము ముక్కుమీద నుండెడిది. దాసీజనుల కొండెములు విని అత్తగారు సైతము మొదట కోడలిపై అలిగి యుండెను. మోనిక ఓర్పుతో ఆమె మనస్సును గెలిచెను. ఆమెయందు మఱియొక సుగుణము కలదు. ఇరుగుపొరుగు స్త్రీలు కలహించి, ఒకరి మీద ఒకరు ఆమెతో చెప్పుకొనుచుండిరి. ఆ మాటలలో వారిని మరల కలుపుటకు పనికివచ్చునవి మాత్రమే ఆమె రెండవవారికి చెప్పెడిది. తక్కినవి తన కడుపులోనే దాచుకొనెడిది. కొన్నియేండ్లకు పట్రీషియసు తానును క్రైస్తవుడయ్యెను. సుమారు 371వ సంవత్సరమున అతడు మరణించెను.

వారి బిడ్డలలో అగస్టీను 354వ సంవత్సరము నవంబరు 13వ తేదీన పుట్టెను. అతడు అసమానమైన బుద్ధి కలవాడు. చదువుకొఱకు కార్తేజి మహానగరమునకు వెళ్లి, అచ్చట వాక్చాతుర్యమున పేరుగాంచెను. కాని తల్లి నేర్పిన విశ్వాసమును విడిచి మానికేయులను వేఱొక మతమువారిలో చేరెను. వివాహము లేకయే ఒక స్త్రీతో కాపురముండెను. వారికి సుమారు 372వ సంవత్సరమున ఒక కుమారుడు పుట్టెను. ఆ బాలునికి అదియోదాతు అని పేరు పెట్టిరి. ‘దేవుడిచ్చినవాడు’ అని దాని యర్థము. మన దేవదత్తుడను పేరు వంటిది.

కుమారుడు మతము మారినందుకు మోనిక కొంతకాలము అతనితో ఒక బల్లయొద్ద కూర్చుండి భుజించుటకును అంగీకరింపలేదు. పిమ్మట ఒక స్వప్నము వలన ధైర్యము పొంది మరల ఇంటికి రానిచ్చెను. ఒక పీఠాధిపతిని ఆశ్రయించి, తన కుమారునితో వాదించి మార్పుమని కన్నీటితో ప్రార్థించెను. ఇప్పుడు వాదించుట వ్యర్థమనియు, ఇన్ని కన్నీళ్లు కార్చు తల్లి బిడ్డడు చెడిపోజాలడనియు ఆయన ఊరడించి పంపెను.

383వ సంవత్సరమున అగస్టీను రోమునగరమునకు పోవ నిశ్చయించెను. తల్లి రేవు వఱకు వెంటవచ్చి, పోవలదనియో, లేనిచో తననుకూడ తీసికొనిపొమ్మనియో పట్టుపట్టెను. ఒక మిత్రుని సాగనంపి వత్తునని బొంకి, ఆ రాత్రి రేవు చెంతనున్న సిప్రియను పునీతుని ఆలయమున ఆమె ఉండునట్లు చేసి, అగస్టీను ఓడ యెక్కెను. ఆమె తెల్లవార్లు కుమారుని ప్రయాణము ఆగవలెనని ప్రార్థించుచుండెను. తెల్లవారునప్పటికి ఓడ లేదు. బిడ్డను పట్టి ఉంచవలెనన్న ఆమె కోరిక సముద్రపు ఒడ్డున అట్లు తెగిపోయెను. ఆమె దుఃఖించెను, కాని ప్రార్థన మానలేదు.

రెండేండ్ల పిమ్మట ఆమె తానే సముద్రము దాటి మిలానునగరమున కుమారుని చేరెను. దారిలో తుపాను రాగా, భయపడిన నావికులకు ఆమెయే ధైర్యము చెప్పెను. మిలానులో అంబ్రోసు పీఠాధిపతి. ఆఫ్రికాలోని ఆచారము ప్రకారము ఆమె హతసాక్షుల సమాధులకు అంబలియు, రొట్టెయు, ద్రాక్షారసమును గంపలో పెట్టుకొని పోగా ద్వారపాలకుడు అడ్డగించెను. పీఠాధిపతి ఆ యాచారమును నిషేధించెనని విన్నంతనే ఆమె మాఱుపలుకక గంపతో వెనుదిరిగెను. చిన్ననాటనుండి వచ్చిన ఆచారమును అంత సులభముగా ఆమె విడుచుట చూచి కుమారుడే ఆశ్చర్యపడెను.

ఆమె చరిత్రలో మనస్సునకు నొప్పి కలిగించు ఘట్టమును కలదు. కుమారునికి అంతస్తుకు తగిన వివాహము చేయవలెనని మోనిక పూనుకొనెను. ఒక కన్యను నిశ్చయించిరి. అందుకై అదియోదాతు తల్లిని ఆఫ్రికాకు పంపివేసిరి. పెక్కేండ్లు నమ్మి వెంటనున్న ఆమె, తన బిడ్డను తండ్రియొద్ద విడిచి, మఱి యే పురుషుని ఎఱుగనని వ్రతముపట్టి వెడలిపోయెను. ఆమె పేరైనను ఎవరును వ్రాసియుంచలేదు. ఆ వివాహము తుదకు జరుగనే లేదు. కొడుకు మేలు కోరిన తల్లి మఱియొక తల్లికి కలిగిన దుఃఖమును తలంచెనో లేదో చరిత్ర చెప్పదు. పదుమూడేండ్ల బాలునికి ఇంట మిగిలిన ఆడుదిక్కు నాయనమ్మయే.

386వ సంవత్సరమున అగస్టీను మనస్సు మారెను. అతడు ఉద్యోగము విడిచి, మిత్రులతోను శిష్యులతోను కస్సిచియాకు అను పల్లెలో కొంతకాలము నివసించెను. మోనిక అందఱను తన కన్నబిడ్డలవలె చూచుచు గృహకృత్యములు నడపెను. నవంబరు 13న, అగస్టీను పుట్టినదినమున, నిజమైన సుఖమెట్టిదను విషయముపై వారు మూడు దినముల చర్చ ఆరంభించిరి. చదువుకొన్న పురుషుల నడుమ మోనికయు కూర్చుండెను. కోరినది పొందినవాడు సుఖియా యని ప్రశ్న వచ్చెను. మంచిని కోరి పొందినవాడు సుఖియే, చెడును కోరినవాడు దానిని పొందియు దుఃఖియే యని ఆమె చెప్పగా, తత్త్వశాస్త్రపు కోటనే తల్లి పట్టుకొనెనని అగస్టీను ప్రశంసించెను. దేవుడు ఎవనియొద్ద ఉండునని మఱియొక ప్రశ్న. ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా చెప్పిరి. మలినమైన ఆత్మ లేనివానియొద్ద ఉండునని అందఱలో చిన్నవాడైన అదియోదాతు చెప్పెను. మోనిక అన్ని సమాధానములను మెచ్చుకొనెను. మనుమని మాటను అన్నింటికంటె మిక్కిలి మెచ్చుకొనెను.

387వ సంవత్సరము, ఏప్రిలు 24వ తేదీ రాత్రి, పునరుత్థాన పండుగ జాగరణలో, అంబ్రోసు చేతులమీదుగా తండ్రీకొడుకులిద్దఱును జ్ఞానస్నానము పొందిరి. మోనిక ఎన్నో యేండ్లు ఎదురుచూచినది నెఱవేఱెను. ఇక స్వదేశమునకు మరలుదమని వారు టైబరునది ముఖమునగల ఓస్తియ రేవునకు వచ్చిరి. అచ్చట తోటవైపు కిటికీయొద్ద నిలిచి, తల్లియు కుమారుడును పరలోకజీవితమును గూర్చి చాలసేపు మాటలాడుకొనిరి. ఈ లోకమున తనకింక కావలసినదేమియు లేదని ఆమె అనెను.

కొలది దినములకు ఆమెకు జ్వరము వచ్చెను. భర్త సమాధి ప్రక్కనే తన సమాధికి చోటు ఏర్పఱచుకొన్న స్త్రీ ఆమె. పరదేశమునగాక స్వదేశమున మరణించిన బాగుండునని మఱియొక కుమారుడు నావిజియసు పలుకగా, ఆమె అతనిని మందలించునట్లు చూచెను. ఈ దేహమును ఎచ్చటనైనను పాతిపెట్టుడనియు, దానికై చింతింపవలదనియు, దేవుని బలిపీఠమునొద్ద తన్ను తలంచుకొన్న చాలుననియు చెప్పెను. ఆమె విడిచిన వానిలో ఇది తుదిది. జ్వరము వచ్చిన తొమ్మిదవ దినమున, ఏబదియాఱవ యేట, ఆమె కన్నుమూసెను. ఆ క్షణమున అదియోదాతు ఘొల్లున ఏడ్చెను. అందఱును అతనిని ఊరకుండుమనిరి. పెద్దలు దుఃఖము నడచుకొని నిలిచిరి. బాలుడు మాత్రము నాయనమ్మకై మనసార ఏడ్చెను. మఱునాడు ఒంటరిగా నున్నప్పుడు అగస్టీనును ఏడ్వకుండలేకపోయెను.

అదియోదాతు కొలది యేండ్లకే యౌవనమున మరణించెను. అగస్టీను పీఠాధిపతియై, తన జీవితమును తానే వ్రాసికొన్న గ్రంథమున తల్లి చరిత్రను చెప్పెను. అంత గ్రంథమునందును ఆమె పేరు ఒక్కసారియే వచ్చును. చదువువారందఱు బలిపీఠమునొద్ద తన తల్లిదండ్రులను తలంచుకొనవలెనని వేడుకొన్న చోట అతడు ఆ పేరు వ్రాసెను. 1430వ సంవత్సరమున ఆమె అవశేషములను రోమునగరమునకు చేర్చిరి. 1945లో ఓస్తియలో ఆటకొఱకు గుంజ పాతుచున్న బాలురకు ఆమె సమాధిఫలకపు ముక్క యొకటి భూమిలో దొరకెను.

మోనికయందు లోపములు లేకపోలేదు. కాని ప్రేమను విడువక, ప్రేమకు అడ్డువచ్చు పట్టుదలలను ఒక్కొక్కటిగా విడుచుట ఆమె నేర్చుకొనెను. అలవాటును విడిచెను, ఆచారమును విడిచెను, స్వదేశపు మట్టినిసైతము విడిచెను. తన్ను తలంచుకొనుడని మాత్రము కోరెను. ఆ కోరిక నేటికిని నెఱవేఱుచున్నది.